తట్టని తలుపు

కర్ర్... కర్ర్... కత్తెర ఆగడం లేదు.

నట్టింట్లో చాప మీద కూర్చుని అత్తగారు బ్యానర్‌ను ముక్కలు చేస్తున్నారు. పన్నెండడుగుల తెల్ల గుడ్డ, దాని మీద నీలం అక్షరాలు: మా వంతెన మాకు కావాలి. మొదటి ‘మా’ అప్పుడే నాలుగు మసిగుడ్డలై పక్కన మడతపడి ఉంది. ఇప్పుడు ‘వంతెన’ నడుము మీద కత్తెర పడింది.

“అత్తయ్యా, ఇవాళ గురువారం,” అంది కోడలు, టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని.

“నిన్న బుధవారమైతే ఇవాళ గురువారమే అవుతుంది.”

“వంతెన అర్జీకి నెలకోసారి హాజరు వేసే రోజు. పదకొండింటికి వార్డాఫీసులో హాజరు పుస్తకం మూసేస్తారు. ఇప్పటికే రెండు నెలలు మనవాళ్ళెవరూ వెళ్ళలేదు. మూడోసారి కూడా తప్పితే అర్జీ కొట్టేస్తారని మీరే చెప్పారు.”

“కొట్టెయ్యనీ. నన్నే కొట్టేశారు, కాగితానిదేముంది?”

వీధివైపు గదిలో గడియారాల రిపేరు షాపు. అక్కడి నుంచి మామగారి గొంతు వినిపించింది. “ఏమేవ్! ఆ ‘కావాలి’ అన్న ముక్క నాకుంచు. షాపులో తగిలించుకుంటాను. మనిషన్నాక ఏదో ఒకటి కావాలిగా!”

మామూలు రోజైతే దీనికి అత్తగారి నుంచి మూడు జవాబులు వచ్చేవి, మూడోదానికి మామగారు నోరు మూసుకునేవారు. ఇవాళ ఒక్కటీ రాలేదు. పెళ్ళై ఈ ఇంటికొచ్చి రెండు నెలలే అయినా, పోట్లాట వినిపించని ఇల్లంటే కీ ఇవ్వని గడియారమేనని కోడలికి ఎప్పుడో తెలిసిపోయింది.

“ఒక్కసారి వెళ్ళి సంతకం పెట్టి వచ్చేద్దాం అత్తయ్యా. నేనూ వస్తాను. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని...”

“పడ్డవాళ్ళు లేవాలంటే మోకాళ్ళుండాలి.” అత్తగారు తలెత్తలేదు. “ఈ వీధిలో సగంమంది పిల్లలకి మొదటి సూది నేనే గుచ్చాను. ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను. ఆరేళ్ళు వంతెన కోసం ప్రతి మెట్టూ ఎక్కాను. వార్డు ఎన్నికల్లో నిలబడితే అందరూ నా మొహం మీదే అన్నారు, ఓటు మీకే నర్సమ్మా, మీకు కాక ఇంకెవరికి అని. రెండో స్థానం వచ్చినా ఓడిపోయాను అనుకునేదాన్ని. మూడోదొచ్చింది. అంటే ఏమిటో తెలుసా? నేను ఓడిపోలేదు. అసలు లెక్కలోనే లేను.”

చదువుకునే రోజుల్లో కాలేజీ వక్తృత్వపు పోటీల్లో కోడలికి రెండుసార్లు మొదటి బహుమతి వచ్చింది. ఆ మాటలేవీ ఈ చాప దగ్గర పనికిరావు.

కర్ర్... ‘వంతెన’ రెండైంది.

* * *

తొమ్మిదిన్నరకి కోడలు డాబా మెట్లెక్కింది. ఎంత కష్టకాలమైనా ఈ మెట్లెక్కేటప్పుడు మాత్రం ఆమె పాదాలు మాట వినవు, ఒక్కో అంగకి రెండేసి మెట్లు దాటిపోతాయి.

ఇంటి వెనకే కాలువ. రాయి విసిరితే అవతల గట్టున పడుతుంది. ఆ గట్టున ఉన్న అచ్చాఫీసులో ఆమె భర్త మిషన్ నడుపుతాడు. టీ వేళకి వెనక గోడ దగ్గరికి వచ్చి, టిఫిన్ డబ్బా మూతని ఎండకి పట్టి తిప్పుతాడు. ఒకసారి మెరిస్తే టీ తాగుతున్నానని. రెండుసార్లు మెరిస్తే నిన్నే చూస్తున్నానని. మూడుసార్లు మెరిస్తే ఏమిటో ఇక్కడ రాయడం బాగుండదు.

ఇవాళ మూడుసార్లు మెరిసింది.

కోడలు చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, తెచ్చుకున్న స్టీలు పళ్ళేన్ని ఎత్తి తనూ మూడుసార్లు తిప్పింది. అవతల గట్టున నీలం చొక్కా అటూ ఇటూ ఊగింది. నవ్వుతున్నాడన్నమాట. ఇంత దూరం నుంచి ఆ నవ్వు కనపడదు. అయినా చెవుల దాకా సాగే ఆ నవ్వు ఆమెకు కంఠతా వచ్చు.

అరవడానికి కూడా అక్కర్లేనంత దూరం. కానీ పొద్దున ఏడింటికే బయల్దేరి, లారీల వంతెన మీదుగా చుట్టు తిరిగి, నలభై నిమిషాలు నడిచి వెళ్ళాలి అక్కడికి. ఆరేళ్ళ కిందట వరదకి నడక వంతెన కొట్టుకుపోయింది. నీళ్ళలో రెండు రాతి దిమ్మలు మిగిలాయి, వాటి మీద కొంగలు కాపురం పెట్టాయి. పిల్లలు బడికీ, ఆడవాళ్ళు మిల్లుకీ, అందరికీ అదే చుట్టు, అదే నలభై నిమిషాలు.

కాపురంలో రోజుకి ఎనభై నిమిషాలు కాలువ పాలు. పెళ్ళైన కొత్తలో ఇది చిన్న విషయం కాదని పాఠకులు ఒప్పుకోవాలి!

నవ్వు పూర్తవకముందే ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. తప్పిన రెండు హాజరుల్లో రెండోది ఓటమి వల్ల. మరి మొదటిది? ఆ గురువారం ఇంటిల్లిపాదీ పెళ్ళి పందిట్లో ఉన్నారు. తన పెళ్ళి పందిట్లో.

పళ్ళెం చంకలో పెట్టుకుని గబగబా కిందికి దిగింది.

* * *

“ఫైలెక్కడుంది అత్తయ్యా?”

“బీరువా కింద అరలో. తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టు.”

అట్టకి బిగించిన పంతొమ్మిది సంతకాల కాగితాలు, వీటి నకలే ఆఫీసులో ఉంది. పక్కనే సిరా మెత్త. కోడలు నేల మీదే కూర్చుని తిప్పింది. కూరల బండి ఆవిడ సంతకం వంకరగా ఉంది. ఇస్త్రీ అతని వేలిముద్ర పక్కన అంతే నల్లటి మసి మరక. ఒక పంతులమ్మ తన డిగ్రీలన్నీ రాసుకుంది. మనుషులు ఎదురుగా నిలబడినట్టే ఉంది.

హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలంటే ఈ కాగితాల్లో పేరున్నవాళ్ళే పెట్టాలి. కొత్తగా వచ్చిన తన పేరు ఎలాగూ ఉండదు. అత్తగారి నంబరు ఎంతో చూసి పెట్టుకుంటే, ఆవిడ మనసు మారిన క్షణంలో లాక్కుపోవచ్చు. మొదటి కాగితం చూసింది. లేదు. రెండోది, మూడోది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది.

“అత్తయ్యా... మీ సంతకం ఏది?”

“మొదటి పేజీలో పైనే ఉంటుంది చూడు.”

“పైన కూరలావిడది ఉంది.”

“అయితే దాని కింద.”

“లేదత్తయ్యా. ఎక్కడా లేదు.”

కత్తెర ఆగింది.

అత్తగారు అట్ట లాక్కున్నారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితం తిప్పారు. పంతొమ్మిదోది తిప్పాక ఆవిడ చేతులు ఒళ్ళో పడిపోయాయి.

“ఈ చేత్తో అట్ట పట్టుకునేదాన్ని,” అన్నారు ఎడమ చెయ్యి ఎత్తి చూపిస్తూ, ఎవరో తప్పు పట్టినట్టు. “ఈ చేత్తో సిరా మెత్త. ఎక్కడ పెడతాను? అందరిదీ అయ్యాక చివర్న పెడదామనుకున్నాను. అందరిదీ ఎప్పుడైందని!”

“మరి ఆరేళ్ళు హాజరెలా...”

“దర్జీ పెట్టేవాడు. వాడిది ముత్యాల్లాంటి రాత. నేను లోపల ఆఫీసరుతో పోట్లాడుతుంటే వాడు బయట సంతకం పెట్టేవాడు.”

దర్జీ పేరు ఈ ఇంట్లో నెల పైగా ఎవరూ ఎత్తలేదు. ఈ బ్యానర్ కుట్టింది అతనే. వదినా వదినా అంటూ ఆరేళ్ళు అత్తగారి వెనకే తిరిగిన అతను, పోలింగు పది రోజులుందనగా అవతలి వాళ్ళ జీపెక్కాడు. అవతలి మనిషి గెలిచి వార్డు మెంబరయ్యాడు. ఆ జీపు మీద ఎగిరిన జెండాలూ దర్జీ కుట్టినవే.

అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని కోడలు కంగారుగా దగ్గరికి జరిగింది. నవ్వుతున్నారు! ఓడిపోయాక ఇదే మొదటి నవ్వు.

“చూశావా, ఊరందరికీ సూదులేసి నాకు నేను వేసుకోవడం మర్చిపోయాను. అంత అరిచాను ఆ ఆఫీసులో! కాగితం ప్రకారం నేనెవర్నే అసలు? దారిన పోయే దానయ్యని!” నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకున్నారు. “మంచిదే. ఇక నేను వెళ్ళినా లాభం లేదు. పీడా పోయింది.”

కోడలు మాత్రం అట్ట వదల్లేదు. ఆమె వేలు నాలుగో కాగితం మీద ఆగి ఉంది.

“ముప్పై ఏడో నంబరు ఎవరిదత్తయ్యా? రిపేరు బిల్లుల మీద ఇదే సంతకం చూశాను. మావయ్యదిలా ఉంది.”

“మీ మావయ్యా? సంతకమా? ఆయన మా వంతెన కమిటీని తిని పోయే సత్రం అన్న మనిషి!”

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు, భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, దొంగతనం బయటపడిన మొహంతో.

“దర్జీ అడిగాడు. పెట్టాను,” అన్నారు.

“నాకు చెప్పలేదే!”

“నువ్వు అడగలేదుగా.”

“ఇంట్లో మనిషిని కూడా అడగాలా?”

“బయట మనిషినైతే అడిగేదానివిగా!”

మామగారు హాస్యమాడుతున్నారనే అనుకుంది కోడలు. కానీ ఆయన గొంతు వేరేగా ఉంది.

“నువ్వు సంతకాలకి బయల్దేరిన రోజు నేను షాపులోనే కూర్చున్నాను. నువ్వు కుడి పక్కింటి మెట్లు దిగావు. అట్ట చేతిలోనే ఉంది. మన గుమ్మం ముందుకొచ్చావు. నేను పెన్ను కూడా తీసి పెట్టుకున్నాను. నువ్వు నా వంక చూసి, భోజనం మూతపెట్టాను తినండి అని, ఎడమ పక్కింటి మెట్లెక్కేశావు. వీధిలో తలుపులన్నీ తట్టావు. మన తలుపు తట్టలేదు.”

షాపులో నాలుగు గోడ గడియారాలు నాలుగు రకాల పది కొట్టాయి, ఒకదాని తర్వాత ఒకటి, తీరిగ్గా.

ఆరేళ్ళ వెక్కిరింపులన్నీ ఇందుకా అనుకుంది కోడలు. ఎప్పుడో ఇరవై ఏళ్ళ తర్వాత తన మొగుడు కూడా ఇలా ఒక గుమ్మంలో నిలబడి, పెన్ను తీసి పెట్టుకున్నానంటే తనేం చెయ్యాలి? పళ్ళెం తిప్పితే సరిపోదు కదా.

“మావయ్యా,” అంది మెల్లిగా, “పేరున్నవాళ్ళలో ఇప్పుడు ఇంట్లో ఉన్నది మీరొక్కరే. మీరొస్తారా?”

“నువ్వడిగితే ఎలాగమ్మా? కమిటీ నీదా?”

అత్తగారు కత్తెర కింద పెట్టారు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచారు. అట్టా, సిరా మెత్తా తీసుకుని, భర్త పక్కనుంచే షాపు దాటి వీధిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి లాగేశారు.

మామా కోడళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“వెళ్ళిపోయిందంటావా?” అన్నారాయన గుసగుసగా.

టక్. టక్. టక్.

వేళ్ళతో తట్టిన చప్పుడు కాదది. రెండు చేతులూ ఖాళీ లేని మనిషి మోచేత్తో తట్టే చప్పుడు. ప్రచారంలో వెంట తిరిగిన కోడలికి ఆ మోచెయ్యి బాగా తెలుసు.

మామగారు ఒక్కసారిగా హడావిడి పడిపోయారు. భూతద్దం తీసి జేబులో వేసుకున్నారు, కాలరు సరిచేసుకున్నారు, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నారు. అప్పుడు తలుపు తీశారు.

“నమస్కారమండీ. నేను ఈ ఇంట్లోనే ఉంటాను,” అన్నారు అత్తగారు.

“అలాగా? ఎప్పుడూ కనపడలేదే!”

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“కాలువ మీద వంతెన పోయి ఆరేళ్ళైందండీ. పిల్లలకీ, పనికెళ్ళేవాళ్ళకీ చాలా ఇబ్బందిగా ఉంది.” రోజూ అప్పజెప్పే మాటలే. ఇక్కడికొచ్చేసరికి అట్టని గుండెకి అదుముకున్నారు. “మీకు వీలైతే... వార్డాఫీసు దాకా వచ్చి... ఒక సంతకం పెడతారా?”

మామగారు గుమ్మం నుంచి పక్కకి తప్పుకున్నారు.

“లోపలికొచ్చి కూర్చోమ్మా,” అన్నారు. “చొక్కా మార్చుకుని వస్తాను.”

* * *

అత్తగారు మాత్రం వాళ్ళతో బయల్దేరలేదు.

“నేను రాలేనే. నన్ను చూడగానే జనం మొహం తిప్పుకుంటున్నారు. తిప్పుకుంటే తిప్పుకోనీ. కానీ లోపల్లోపల సిగ్గుపడిపోతున్నారు చూడు, అది చూడలేను. మన వాళ్ళేగా.”

వీధి మలుపులో ఇస్త్రీ అతను పెట్టె ఆపి చూశాడు. “గడియారాలాయన కోటు గుండీలన్నీ పెట్టుకుని ఎటో?”

“వంతెన అర్జీకి,” అంది కోడలు.

“అదింకా ఉందా?”

“ఉంది. పదకొండింటి దాకా.”

అతను తన బొటనవేలు చూసుకున్నాడు. “దాంట్లో నా వేలిముద్ర ఉందండీ,” అన్నాడు, ఆ సంగతి అప్పుడే తెలిసినంత సంబరంగా.

వాళ్ళు ఆఫీసు మెట్లెక్కేసరికి మామగారి చేతి వాచీలో పదకొండుకి ఆరు నిమిషాలు తక్కువ. గోడ మీది గడియారంలో ఒక నిమిషం ఎక్కువ. గుమాస్తా హాజరు పుస్తకం అప్పుడే మూస్తున్నాడు.

“బాబూ, మీ గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తోంది,” అన్నారు మామగారు.

“ఆఫీసు గడియారమే టైమండీ.”

“దాని పొట్ట నేను రెండుసార్లు విప్పాను. అది పుట్టుకతోనే తొందర మనిషి.”

గుమాస్తా నవ్వాడు. నవ్వి పుస్తకం తెరిచాడు. “ఏ అర్జీ? కాలువ వంతెనా? దానికి ఇవాళ హాజరు పడిపోయిందిగా.”

కోడలు బల్ల మీదికి వంగింది. నేటి తేదీ. దాని ఎదురుగా ముత్యాల్లాంటి రాత.

“దర్జీ!” అన్నారు మామగారు.

“పొద్దున పది కొట్టగానే వచ్చాడు. లోపల ఆఫీసరు దగ్గరున్నాడు. ఇంకో కాగితం కూడా ఇచ్చాడు.” గుమాస్తా ఒక ఉత్తరం వాళ్ళవైపు తిప్పాడు. “మీ ప్రతినిధి నర్సమ్మగారి సంతకం అర్జీలో లేదట. సంతకం లేనివాళ్ళు ప్రతినిధిగా ఉండకూడదు. ఆవిడ పేరు తీసేసి తన పేరు రాయమన్నాడు. కొత్త మెంబరు వంతెన పని ముందుకి తోస్తానన్నారట. దీనికి అర్జీలో ఉన్న ఇంకొకరి ఒప్పుకోలు కావాలి. మీ పేరుందా? ఇక్కడ పెట్టండి.”

పెన్ను మామగారి ముందుకొచ్చింది.

కోడలు లోపల్లోపల లెక్క వేసుకుంది. వంతెన వస్తుంది. నీలం చొక్కా పది నిమిషాల్లో ఇల్లు చేరుతుంది. కానీ వంతెన మొదట్లో పెట్టే రాయి మీద ఎవరి పేరుంటుంది? ఇంట్లో చాప మీద ముక్కలై పడి ఉన్నది ఎవరి ఆరేళ్ళు?

“మావయ్యా...”

“ముందు నన్ను హాజరు వేసుకోనీ,” అన్నారాయన. దర్జీ సంతకం కింద తన సంతకం పెట్టారు. “ఒకటి చాలంటావేమో. ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చాను, పెట్టనీ.”

తర్వాత పెన్నుకి మూత పెట్టేశారు. ఉత్తరాన్ని ముట్టుకోలేదు.

“ఏమండీ,” అంది కోడలు గుమాస్తాతో, “ఈ అర్జీలో ఇప్పుడు కొత్త సంతకాలు, అంటే అత్తయ్యది కూడా, చేర్చొచ్చా?”

“ప్రతినిధి మార్పు పడేలోపు చేర్చొచ్చు. మధ్యాహ్నం రెండింటికి ఫైలు పైకి వెళ్తుంది.”

లోపలి తలుపు తెరుచుకుంది. మెడలో టేపు వేలాడేసుకుని దర్జీ బయటికొచ్చాడు. వాళ్ళని చూసి అక్కడే ఆగిపోయాడు. అతని కళ్ళు వాళ్ళిద్దరి వెనక మూడో మనిషి కోసం వెతికాయి.

“వదిన రాలేదా అన్నయ్యా?”

మామగారు పెన్ను బల్ల మీద పెట్టేశారు.

“నేను కావాలని చెయ్యలేదు. వదిన సంతకం లేదని అవతలి వాళ్ళు కనిపెట్టారు. ఆ వంకతో అర్జీయే చింపేద్దామన్నారు. నా పేరుంటే కాగితమైనా బతుకుతుందని... అమ్మాయ్, నువ్వైనా నమ్ము.”

కోడలికి నమ్మాలనే ఉంది. ఆ మెడలో టేపు అదే, ముత్యాల రాత అదే. కానీ ఆ జీపూ నిజమే.

“నిజమో అబద్ధమో నాకు తెలీదురా. నాకు చెప్పకు,” అన్నారు మామగారు. కోటు జేబులోంచి తెల్ల గుడ్డ ముక్క ఒకటి తీసి అతని చేతిలో పెట్టారు. దాని మీద నీలం రంగులో సగం ‘వంతెన’ ఉంది. “ఇంట్లో ఉంది మీ వదిన. వెళ్ళి తలుపు తట్టు.”

దర్జీ ఆ ముక్కని తిరగేసి కుట్టు చూశాడు. తన కుట్టే. మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఆ మెట్ల కింద దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే వాళ్ళ వీధి. కుడికి వెళ్తే జెండాలు కట్టిన మెంబరు ఇల్లు. కోడలు కిటికీలోంచి వంగి చూసింది.

చివరి మెట్టు మీద దర్జీ ఆగాడు. వంగి, సరిగ్గానే ఉన్న చెప్పుని మళ్ళీ సరిచేసుకుంటున్నాడు.